అవును, కేసే

నేను చేసిన వెధవ పనుల్లో చాలావాటికి ఏదో ఒక సాకు దొరికింది. ఇంటి పని, ఒంట్లో బాగోలేకపోవడం, పైవాళ్ల ఒత్తిడి, ఇవేవీ కాకపోతే బస్సు లేటు. ఈ ఒక్కదానికి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఇక దొరకదని తేలాక ఇది రాయడానికి కూర్చున్నాను.

బందరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో, ప్రణాళికలు చూసే సెక్షన్లో నా ఉద్యోగం. ఉండేది గుడివాడలో. ఉదయం పాసింజరు రైల్లో వెళ్లడం, సాయంత్రం ఏది దొరికితే అందులో తిరిగి రావడం. మా బల్లల మీదికి వచ్చే కాగితాలన్నీ ఒక్క తీరుగానే ఉండేవి. ఫలానా ఊళ్లో ఫలానాది కట్టాలి, మంజూరు చేయండి. ఏది ముందు కట్టాలో, ఏది అసలు అక్కర్లేదో తేల్చడానికి మాకంటూ ఒక పద్ధతి లేదు. ఏ ఫైలుకి గుచ్చిన సిఫారసు ఉత్తరం బరువుగా ఉంటే ఆ ఫైలు పైకి వచ్చేది. బరువైనవి పైకి తేలడం నేను మా ఆఫీసులోనే చూశాను.

అలాంటి చోటికి పైనుంచి ఒక కొత్త ఫార్మాట్ వచ్చింది. దాని పేరు బిజినెస్ కేస్. ఇకమీదట ఎంత చిన్న పనికైనా అది రాయాలి. అవసరం ఏమిటి, దాన్ని తీర్చడానికి ఎన్ని దారులున్నాయి, ఒక్కో దారి వల్ల ఎంతమందికి మేలు, అసలేమీ చేయకుండా ఊరుకుంటే ఏమవుతుంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఆ తర్వాతే నిర్ణయం. దీని మీద ఒకరోజు ట్రైనింగ్ కూడా ఇచ్చారు. తిరిగొచ్చాక మావాళ్లంతా అక్కడి భోజనం గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం విషయమే నచ్చింది. సిఫారసు లేనివాడి మాట కూడా కాగితం మీద నిలబడే దారి ఒకటి దొరికిందనిపించింది. ఆ రాత్రి మా ఆయనకి అరగంట సేపు చెప్పాను. ఆయన ఊ కొడుతూ నిద్రపోయాడు. నేను మాత్రం నిజంగానే నమ్మాను. నమ్మకపోయి ఉంటే ఇప్పుడు ఇంత సిగ్గు ఉండేది కాదు.

ఆ పేరు మా ఆఫీసులో వారం రోజులు కూడా నిలవలేదు. బిజినెస్ రాలిపోయి కేసు మిగిలింది. "ఆ కల్వర్టు మీద కేసు రాశావా?", "శ్మశానం ప్రహరీ కేసు ఎంతవరకొచ్చింది?" అని మాట్లాడుకునేవాళ్లం. బయటివాళ్లెవరైనా వింటే పోలీస్ స్టేషన్లోకి వచ్చామనుకోవాలి. మేం నవ్వుకునేవాళ్లం. అలవాటయ్యాక నవ్వడం కూడా మానేశాం, కేసు అన్న మాటకి ఇంకో అర్థం ఉందన్న సంగతే మర్చిపోయాం.

సోమవారాలు జనం అర్జీలు పట్టుకుని వచ్చే రోజు. వాళ్లలో కోడూరు అవతలి నుంచి ఒక టైలరు వచ్చేవాడు. నలభై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. చంకకర్రల మీద రెండు బస్సులు మారి వచ్చి, వరుసలో తన వంతు వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడేవాడు. కుర్చీ ఇస్తే వద్దనేవాడు. కూర్చుంటే మళ్లీ లేవడం పెద్ద పని అని నవ్వేవాడు. హిందువైనా తురకైనా ఎవరు ఎదురుపడినా "వందనాలండీ" అనే పలకరించేవాడు.

ఆయన అర్జీ ఎప్పుడూ ఒక్కటే. వాళ్ల పేటకీ రోడ్డుకీ మధ్య ఒక మురుగుకాలవ ఉంది. దాని మీద నడిచే వంతెన కావాలి. ఆ అర్జీలో కాలవ వెడల్పు "ఏడువందల ఇరవై అంగుళాలు" అని ఉండేది. మొదటిసారి చదివినప్పుడు నేను ఫక్కున నవ్వాను.

"అంగుళాల్లో రాశారేంటండీ?"

"నా దగ్గరుండేది బట్టలు కొలిచే టేపేనమ్మా. దాంతోనే కొలిచాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పన్నెండుసార్లు జరిపితే సరిపోయింది."

తర్వాత మా ఇంజనీరు వెళ్లి కొలిస్తే అరవై అడుగులు వచ్చింది. అంగుళం తేడా లేదు.

ఆ కాలవ మీద అప్పటికి ఉన్న వంతెనని పేటవాళ్లే వేసుకున్నారు. మధ్యలో గుంజలు పాతి, రెండు తాటిదుంగలూ, తుఫానుకి పడిపోయిన ఒక కరెంటు స్తంభమూ కలిపి పరిచారు. పట్టుకోవడానికి ఒక ఇనుప తీగ కట్టారు. కాళ్లున్నవాళ్లు తీగ పట్టుకుని నడుస్తారు. ఈయన మాత్రం చంకకర్రలు భార్య చేతికిచ్చి, స్తంభం మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, అరచేతులు ముందుకు ఆనించి జరుగుతూ దాటుతాడు. అవతల గట్టు మీద పాలిథీన్ కవరు కప్పి, పక్కచక్రాలు బిగించిన స్కూటరు ఉంటుంది. దాని మీద కోడూరు వెళ్లి కుట్టుషాపు తెరుస్తాడు. చుట్టూ తిరిగి వచ్చే దారి ఒకటుంది గాని అది రొయ్యల చెరువుల గట్ల మీదుగా. వానపడితే అందులో ట్రాక్టరే దిగబడుతుంది. రోజూ రెండు పూటలా ఆయన అలా పాకుతూ దాటుతుంటే, చేతిలో పుస్తకాల సంచితో ఆయన కూతురు వెనకాలే వస్తుందట. ఆ అమ్మాయికి తొమ్మిదేళ్లు. నాన్న అలా దాటడం చూసి క్లాసులో పిల్లలు ఏదో అన్నారని, ఆయన ఒక సోమవారం నాతో చెప్పాడు. వంతెన అందుకే కావాలమ్మా, నా కాళ్ల కోసం కాదు, అన్నాడు.

ఆ ఏడాది మా దగ్గర మిగిలింది ఒక్క పనికి సరిపడా డబ్బు. పోటీకి రెండు పనులొచ్చాయి. ఒకటి ఈ వంతెన. రెండోది పాలకాయతిప్ప బీచికి వచ్చే జనం ఇసకలో దిగబడకుండా నడిచే బాట, నీడకి గొడుగుల్లాంటి కట్టడాలు. రెండూ దివిసీమవే. వంతెనని జాబితాలో పెట్టించింది నేనే. ఆ మాట గట్టిగానే చెప్పుకోగలను. తర్వాత చెప్పుకోడానికి ఏమీ లేదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

మా సారు చెడ్డవాడు కాదు. ఫైళ్లు తొక్కిపెట్టడు, అరవడు. నన్ను పిలిచి నెమ్మదిగా అన్నాడు.

"బీచి పని ఈ ఏడాది అయిపోవాలమ్మా. పైన మాట అయింది. నువ్వు వంతెన కేసు కూడా రాయి. పక్కన ఇంకోటి లేకపోతే పోల్చి చూసినట్టుండదు."

నాకు అర్థం కాలేదని ఇప్పుడు బుకాయించను. నిర్ణయం అయిపోయింది, కేసు దాని వెనకాల నడవాలి. అయినా నాలో నేను ఒక లెక్క వేసుకున్నాను. వంతెన మీద దాటే జనం సంఖ్య బలంగా వస్తే, కాగితం మీద దాన్ని ఎవరూ కాదనలేరు కదా అని. నన్ను నేను మంచిదాన్ననుకోవడానికి అప్పటికి ఆ మాట సరిపోయింది.

రెండు చోట్లా ఒకే రోజు, ఒకే సమయంలో, ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా మనుషుల్ని లెక్కపెట్టాలని అనుకున్నాం. అందరికీ వీలైన రోజు రెండో శనివారం. ఆ రోజు బడి ఉండదని నాకు తెలుసు. బీచికి జనం ఎక్కువొస్తారనీ తెలుసు. బీచి దగ్గర లెక్కపెట్టడానికి ఒప్పుకున్న సహోద్యోగి పెళ్లాం పిల్లల్ని కూడా కార్లో ఎక్కించుకు వెళ్తానన్నాడు. ఎలాగూ వెళ్తున్నాం కదా అని.

శుక్రవారం టైలరు గారికి ఫోన్ చేశాను.

"రేపు ఎనిమిదింటికి మీ కాలవ దగ్గరికి వస్తున్నానండీ. వంతెన మీద కేసు రాయాలి."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎంతసేపుంటారమ్మా?" అన్నాడు.

"ఒంటిగంట దాకా."

"సరేనమ్మా. నేను చూసుకుంటాను."

చూసుకోవడానికి ఏముందో నేను అడగలేదు. బహుశా టీ ఏర్పాటు అనుకున్నాను.

తెల్లారకముందే బయల్దేరి, బందరులో బస్సు మారి, అవనిగడ్డలో ఇంకోటి మారి, కోడూరులో ఆటో ఎక్కి, ఎనిమిదికి కాస్త ముందే కాలవ గట్టు మీదికి చేరాను. రోడ్డు వైపు ఒక టీ బడ్డీ ఉంది. దాని పట్టా నీడలో స్టూలు వేసుకుని, ఒళ్లో ఫారం పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా స్తంభం, దుంగలు, తీగ. కాలవ నిండా గుర్రపుడెక్క. టైలరు గారు కనిపించలేదు. పాలిథీన్ కవరు కింద స్కూటరు కదలకుండా ఉంది.

కాసేపటికి రొయ్యల కంపెనీ వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. అవతలి గట్టు మీద టిఫిన్ క్యారేజీలు పట్టుకుని పది పదిహేనుమంది ఆడవాళ్లు నిలబడ్డారు. ఒక్కరూ వంతెన మీద కాలు పెట్టలేదు. నా వైపు చూశారు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. డ్రైవరు మళ్లీ మళ్లీ హారన్ కొట్టి, విసుక్కుని వెళ్లిపోయాడు. వాళ్లు క్యారేజీలతో వెనక్కి తిరిగారు. ఆ రోజు కూలి పోయిందన్నమాట. నాకు ఎక్కడో అనుమానం తగిలింది. ఫారంలో సున్నా రాశాను.

తొమ్మిదిన్నరకి అవతలి గట్టు మీదికి ఒకాయన సైకిలు భుజాన వేసుకుని వచ్చి, నన్ను చూసి, మళ్లీ అదే సైకిలు దించుకుని వెళ్లిపోయాడు. అప్పుడు ఇంకొంచెం అనుమానం.

పదింటికి ఒక ముసలావిడ అవతలి గట్టు అంచుదాకా వచ్చింది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నన్ను చూసి గట్టిగా అడిగింది.

"ఏమ్మా, మా మీద కేసు రాస్తన్నావంటగా?"

అంతా ఆ క్షణంలో తెలిసిపోయింది. ఫోన్లో నేనేమన్నానో, ఆయన ఎందుకు కాసేపు మాట్లాడలేదో, చూసుకుంటానని దేనికన్నాడో. కరెంటు స్తంభం ప్రభుత్వానిది. దాన్ని లాక్కొచ్చి వాడుకున్నందుకు కేసు పెట్టడానికి బందరు నుంచి మేడం వస్తోంది. ఆవిడ ఉన్నంతసేపూ దాని మీద ఎవరైనా కాలు పెడితే దొరికిపోతారు. ఇదీ వాళ్లకి అర్థమైంది. నా స్థానంలో ఎవరున్నా అప్పుడు లేచి, కేసూ లేదు గీసూ లేదు, మీకు వంతెన వేయడానికే ఈ లెక్క, రండి, నడవండి అని అరిచి చెప్పాలి. అరవై అడుగుల కాలవ. అరవాల్సిన అవసరం కూడా అంతగా లేదు.

నేను స్టూలు మీద నుంచి లేవకుండానే, "అవునమ్మా, కేసే" అన్నాను.

అబద్ధం కాదు. ఫారం పైన పెద్దక్షరాలతో ఉన్నది ఆ మాటే.

"ఆ కరెంటు స్తంభం మేం పీకలేదమ్మా. గాలికి పడిపోయి పొలంలో ఉంటే తెచ్చుకున్నాం" అందావిడ.

నేను చెయ్యి ఊపాను. వెళ్లమని ఊపానో, ఫర్వాలేదని ఊపానో నాకే తెలియదని ఇక్కడ రాద్దామనుకున్నాను. తెలుసు. వెళ్లమనే ఊపాను. ఆవిడ వెళ్లిపోయింది.

ఎందుకలా చేశావని ఎవరూ అడగలేదు గాని నన్ను నేను చాలాసార్లు అడిగాను. వాళ్లకి చెప్పేస్తే ఆ రోజు లెక్క పాడైనట్టే, ఇంకో రోజు మళ్లీ ఇంత దూరం రావాలి. రెండు చోట్లా లెక్క మళ్లీ మొదలుపెట్టాలి, బీచికి వెళ్లినాయన మొహం మాడ్చుకుంటాడు. సారు అసలే తొందరలో ఉన్నాడు. ఎండ మండుతోంది. ఇవన్నీ నిజాలే. వీటన్నిటి కంటే పెద్ద నిజం ఇంకోటుంది. సంఖ్య తక్కువొస్తే నేను సారుతో వాదించక్కర్లేదు. ఆ ముసలావిడ ప్రశ్న వినగానే నాకు భయం వేయలేదు, జాలి వేయలేదు. హమ్మయ్య అనిపించింది.

ఒంటిగంటకి లెక్క ముగించాను. ఐదు గంటల్లో పదకొండు మంది. వాళ్లు కూడా పొరుగూరి నుంచి చెరువుల మీద పనికి వచ్చినవాళ్లు.

సోమవారం ఆఫీసులో టీ తాగుతూ ఇదంతా కథలాగా చెప్పాను. మా మీద కేసా అని ముసలావిడ ఎలా అడిగిందో, ఆ గొంతుతో సహా. అందరూ కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. సారు కూడా నవ్వి, లేచి వెళ్తూ, "నోట్‌లో మాత్రం అది రాయకు" అన్నాడు. రాయలేదు.

రాసింది ఇది. రెండు పనులకీ ఒకే రోజు, ఒకే సమయం, ఒకే పద్ధతి. ఆ వాక్యం నా సొంతం, దాన్ని చూసుకుని అప్పుడు మురిసిపోయాను కూడా. బీచి వైపు జనం పేజీలు నింపేశారు, కాలవ వైపు పదకొండు. వంతెన అవసరం: తక్కువ. ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే: ఖర్చు లేదు, నష్టం లేదు. ఆ చివరి గడి నింపుతుంటే స్తంభం మీద కూర్చుని జరిగే మనిషి గుర్తుకు రాలేదా అంటే, వచ్చాడు. అయినా పెన్ను ఆగలేదు.

పైవాళ్లకి ఆ కేసు బాగా నచ్చింది. చిన్న పనికి కూడా ఇంత నిష్పక్షపాతంగా పోల్చి చూడటం మిగతా ఆఫీసులు నేర్చుకోవాలన్నారు. దాన్ని నమూనాగా పంచిపెట్టారు. కొత్తగా చేరినవాళ్లకి ట్రైనింగ్ నన్నే ఇమ్మన్నారు. గుడివాడలో ఒకసారి, బందరులో రెండుసార్లు ఇచ్చాను. ఒకే రోజు, ఒకే సమయం, ఒకే పద్ధతి అని తెర మీద చూపించి, ముఖ్యమైన మాట ఇదేనని కింద గీత కూడా గీశాను. కొత్తవాళ్లు రాసుకున్నారు. బీచిలో బాట వేశారు. ఒక ఆదివారం మా కుటుంబం కూడా వెళ్లి దాని మీద నడిచింది. బాగానే ఉంది. నా పిల్లలు చెప్పులు విప్పకుండా సముద్రం దాకా వెళ్లారు.

టైలరు గారు సోమవారాలు రావడం మానేశాడు. కోపం వచ్చిందనుకున్నాను. కోపంగా ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. ఎదురుపడితే ఏం చెప్పాలో రైల్లో కూర్చుని కొన్ని వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. నిధులు తక్కువ, నిబంధనలు ఎక్కువ, వచ్చే ఏడాది చూద్దాం.

మొన్న వానాకాలం వెళ్లాక ఒక సోమవారం వచ్చాడు. ఈసారి చంకకర్ర ఒక్కటే ఉంది. రెండోవైపు భార్య భుజం పట్టుకుని నడుస్తున్నాడు. కుడి మణికట్టుకి కట్టు ఉంది. నేను అడగకుండానే, స్తంభం మీద నాచు పట్టి జారానని, ఎముక విరిగిందని, అతుక్కుంది గాని కత్తెర పట్టు ఇంకా రాలేదని చెప్పాడు. షాపు మూసి ఉంది. ఇవన్నీ వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. 

"మీకు మొహం చూపించలేక ఇన్నాళ్లూ రాలేదమ్మా" అన్నాడు.

"మీరా? నాకా?"

"వంతెన మావల్లే పోయింది గదండీ. మీరేమో సెలవు రోజు పనులన్నీ మానుకుని అంత దూరం వచ్చారు. కేసంటే నేను కేసే అనుకున్నానమ్మా. స్తంభం గొడవ ఒకటి ఉంది గదా. మేడం ఉన్నంతసేపు ఎవ్వరూ దాని మీద కాలు పెట్టొద్దని ఇంటింటికీ చెప్పించింది నేనే. అది మనుషుల్ని లెక్కపెట్టే కేసని మొన్న మా ఊరి సచివాలయంలో ఒకాయన చెబితేగాని తెలియలేదు. చెప్పించిన నోటితోనే తలా ఒక తిట్టు తిన్నాను. తినాలి గదండీ."

ఆయన భార్య తల దించుకుని నిలబడి ఉంది. నేను బల్ల మీద కాగితాలు సర్దాను. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

"ఆ రోజు మా పిన్నమ్మ ఒకావిడ గట్టు మీద నుంచి మిమ్మల్ని అడిగిందంట. మీరు కూడా అవును, కేసే అన్నారని ఇప్పటికీ అంటది. ఆవిడకి చెవుడమ్మా. మీరేం చెప్పారో, ఆవిడేం విందో. నీ చెవుడు మా కొంప ముంచిందని ఊరంతా ఆవిణ్ణి కేకలేశారు. పాపం ఎవరింటికీ వెళ్లడం మానేసింది." ఆయన నా మొహంలోకి చూశాడు. "మేం అట్లా అనుకుంటున్నామని మీకు తెలిస్తే, అప్పుడే పిలిచి చెప్పేవారు గదమ్మా?"

ఆయన అడిగింది నన్ను పట్టుకోవడానికి కాదు. ఆ కళ్లలో అనుమానం ఇసుమంత కూడా లేదు. తప్పు తనదేనని నా నోటితో ఒక్కసారి విని, దాన్ని మోసుకుని వెళ్లిపోదామని వచ్చాడు. నా పక్క బల్లల దగ్గర ఆ రోజు పడీపడీ నవ్వినవాళ్లంతా ఉన్నారు. ఎవరూ తల ఎత్తలేదు.

"అవునండీ" అన్నాను. "తెలిస్తే చెప్పేదాన్ని."

ఆయన మొహం తేటపడింది. భార్య వైపు తిరిగి, చూశావా, నేను చెప్పలేదూ అన్నట్టు తలాడించాడు. ఎడమ చేత్తో సంచిలోంచి కొత్త అర్జీ తీసి బల్ల మీద పెట్టాడు. కూతురితో రాయించాడట, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. కాలవ వెడల్పు ఏడువందల నలభై అంగుళాలు అని ఉంది. గట్టు జారి కాలవ పెరిగిందని, అందుకని మళ్లీ కొలిపించానని, తప్పు లెక్క ఇవ్వకూడదు గదమ్మా అని అన్నాడు.

వెళ్లడానికి చంకకర్ర సరిచేసుకుంటూ ఆగాడు.

"ఈసారి ఎప్పుడొస్తారో ముందు చెప్పండమ్మా. పిల్లా జెల్లాతో సహా అందరం దాటతాం. మా పిన్నమ్మని మాత్రం ఆ రోజు ఇంట్లోనే ఉంచుతాం, మీ దగ్గరికి రానివ్వం."

సరేనండీ అన్నాను.